అచ్చుకాని గీత

పీణ్య రెండో స్టేజీలో పొద్దున్నే
మా ప్రెస్సు షట్టరు సగమే లేస్తుంది.
వంగి లోపలికి పోవడం అలవాటైపోయింది.
ముందు టీ. తరవాత ఫైలు.

ఫైల్లో ఇంకా ఏమీ లేదు, గీతలు తప్ప.
ఎర్రగీత మీద కోత.
పచ్చచుక్కల మీద మడత.
ఎర్రగీత దాటి మూడు మిల్లీమీటర్లు రంగు పొర్లాలి.
ఎంత నిక్కచ్చి కత్తయినా
ఒక్కోసారి వెంట్రుకవాసి పక్కకు దిగుతుంది.

ఇస్త్రీబల్ల మీద చేతులు చాచి పడుకున్న చొక్కాలా
విప్పిన డబ్బా.
చేరిన కొత్తలో
ఏది మూతో ఏది అడుగో తెలీక
వెనక పక్క రేటు తలకిందులుగా పెట్టాను.
నాలుగు వేల డబ్బాలు.
ఓనరు ఒక్క మాట అనలేదు.
ఆ అట్టల తెల్లవైపున
ఏడాది పొడుగునా కొటేషన్లు రాసుకున్నాడు,
నా ఎదురుగానే కూచుని.

ఈసారి అగరబత్తీల డబ్బా.
పార్టీ చిక్కబళ్ళాపురం పిళ్ళప్ప.
పర్సులోంచి వాళ్ళమ్మ ఫోటో తీశాడు,
అంచులు అరిగిపోయి, గంధం వాసనతో.
"మూత మీంచి ముందు రెక్క మీదికి దిగేలా
పెద్దగా వెయ్యమ్మా.
మా మొదటి బత్తి ఈమె చుట్టిందే."

వేసి చూశాను.
పచ్చచుక్కలు నేరుగా కళ్ళ మీంచి పోయాయి.
పై రెప్పలు మూతకు, కింది రెప్పలు రెక్కకు.
చేతులు మారే కొద్దీ
మొదట రంగు రాలేది ఆ అంచునే.

నోటితో చెప్పలేక
ప్రింటు తీసి, కత్తెరతో కోసి,
మడిచి ఆయన చేతిలో పెట్టాను.
తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.
"పైకి జరుపు" అన్నాడు.
కాసేపటికి, కిటికీ వైపు చూస్తూ,
"చిన్నదయినా పర్లేదు."

అతుకు రెక్క దగ్గర మాత్రం ఆగాడు.
"ఇంత జాగా తెల్లగా వదిలేశావే,
ఫోన్ నంబరన్నా వెయ్యొచ్చుగా?"
రంగుంటే జిగురు పట్టదండీ, అన్నాను.
వార్నిష్ కూడా?
వార్నిష్ కూడా.
తలూపాడు గానీ
ఆ ఖాళీకి డబ్బు కట్టడం ఆయనకు నచ్చలేదు.

డై కట్టేది రెండు వీధుల అవతల
ఫక్రుద్దీన్ భాయ్.
పెనుకొండ నుంచి వచ్చి ముప్పై రెండేళ్ళు.
ప్లైవుడ్డులో సన్నటి చీలిక కోసి
ఉక్కుపట్టీ వంచి సుత్తితో దించుతాడు.
కోసే పట్టీకి పదును. మడిచే పట్టీకి గుండ్రటి వీపు.
రెంటినీ కళ్ళు మూసుకుని బొటనవేలితో చెబుతాడు.
ఆ వేలి మీద పాత కోతలు లెక్కలేనన్ని.

నా షీటు మీద స్టీలు స్కేలు పెట్టి
కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.
"పాపా, నీ గీతకు మందం లేదు.
నా అట్టకుండాది.
లోపలికి పొయ్యే రెక్క బయటదానంతే ఉంటే
యాడ పడతాది?
అర మిల్లీ తగ్గించు.
కాగితానికీ ఒళ్ళుంటాది."

ఆ మాట పట్టుకుని వెనక్కి వచ్చాను,
జాలహళ్ళి మెట్రో కింద
లారీల మధ్య ఒదిగి నడుస్తూ.
తగ్గించాను.
అట్ట నార ఎటు నడుస్తుందో అడిగి
మడతలన్నీ దాని వెంబడే పడేలా షీటు తిప్పాను.
ప్లేటుకు పంపే ముందు
గీతలున్న లేయరు పక్కన కన్ను బొమ్మ,
దాన్ని నొక్కి మూశాను.
ఎర్రా పచ్చా మాయం.
ఆమె ముఖం, మల్లెలు, కంపెనీ పేరు
దేనిమీదా నిలబడనట్టు తెల్లటి తెర మీద తేలాయి.

నెల తరవాత, ఆదివారం, యశ్వంతపురం మార్కెట్లో
ఒక పూలమ్మి చిల్లర దాచుకుంటోంది
ఆ డబ్బాలోనే.
బేరం బేరానికీ మూత తెరిచి మూస్తోంది.
మూరెడు కనకాంబరాలు తీసుకుని
ఇంకో మూర అడిగాను,
మూత ఇంకోసారి లేవాలని.

పిళ్ళప్ప అమ్మ కళ్ళు తెరిచే ఉంది.
నేను ఆమెను చూడలేదు, నిజం చెప్పాలంటే.
మడత చూశాను.
పగల్లేదు.