బలహీనత అనే గడి

గురువారం నాకు సెలవు.
హల్ నగరంలో, హెసిల్ రోడ్డు మీద,
మూతబడ్డ చేపల దుకాణం పైగదిలో
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
ఏమవ్వాలా అని కూర్చున్నాను.

రక్తం తాగేదాన్నా, తోడేలునా, మంత్రగత్తెనా,
ఉప్పునీటి దయ్యాన్నా, చచ్చినవాళ్ళతో మాట్లాడేదాన్నా?
మొత్తం ఏడు వర్గాలు.
ఒకటి ఎంచుకుంటేనే కోటలోకి రానిస్తారు.
ప్రతి వర్గం కిందా రెండు గడులు:
నీ శక్తి ఏమిటి,
నీ బలహీనత ఏమిటి.

కోటకి రాణి డోరీన్.
ఏడొందల ఏళ్ళ రక్తపిపాసి,
పగలు బ్రిడ్లింగ్టన్‌లో మోకాళ్ళకి మందు రాసుకునే
రిటైరైన బస్సు డ్రైవరు.
తోడేలు పేరు కాలమ్.
ఆ పేరు చూసి మొదట ఉలిక్కిపడ్డాను.
లీడ్స్‌లో రొట్టెలు కాల్చడం నేర్చుకుంటున్న
పందొమ్మిదేళ్ళ పిల్లాడట.
"తోడేలైపో, పంజా దెబ్బకి పన్నెండు పాయింట్లు" అన్నాడు.

నాది ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట రాత్రి డ్యూటీ.
తెల్లారాక తెరలు దించుకుని పడుకునేదాన్ని
మళ్ళీ రక్తపిపాసినవడం దేనికి?
పైగా రక్తం చన్నీళ్ళకే పోతుంది,
వేణ్ణీళ్ళు తగిలితే మొండికేస్తుంది.
ఏడొందల ఏళ్ళొచ్చినా
రాణీగారికి ఆ సంగతి తెలీదు.

దయ్యం అవుదామంటే,
సూపర్‌వైజర్ గ్రాహమ్ నాలుగేళ్ళుగా
నాలోంచి వెనకున్న మెషీన్ని చూస్తున్నాడు.
ఆటలో కూడా అదే ఉద్యోగమా.

మంత్రగత్తె దగ్గర కాసేపు ఆగాను.
పిల్లి తప్పనిసరి అని రాసుంది.
పిల్లులంటే నాకు తుమ్ములు.

మా కొరివి దయ్యాలు లేవు అందులో.
చదువంతా ఉండి ఎవరికీ చెప్పకుండా చచ్చిన
బ్రహ్మరాక్షసుడు లేడు.
పూనకం అసలే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది లచ్చవ్వ.
ఏడాదంతా బీడీలు చుట్టే మనిషి,
మొగుడు గుమ్మంలో ఉంటే
గోడవారగా ఒదిగి నడిచే మనిషి,
బోనాల నాడు డప్పు మోగగానే
వేపమండ దులిపి సర్పంచిని "ఒరేయ్" అంది.
"నా బాయికాడి తొవ్వ ఎందుకు మూసినవ్‌రా" అంది.
సర్పంచి చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని
తెరుస్తానన్నాడు.
తెరిచాడు కూడా.
మర్నాడు లచ్చవ్వ తునికాకు కత్తిరిస్తూ
"నేనేమన్న?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగింది.

డోరీన్‌కి రాశాను, ఎనిమిదో వర్గం కావాలని.
శక్తి: దేవత వస్తుంది,
ఎంతటివాణ్ణయినా "నువ్వు" అనొచ్చు.
అదేం శక్తి, నేను అందరినీ అంటాను కదా అంది రాణి.
మీకు రాజుకీ పాలవాడికీ ఒకటే మాట,
మాకు కాదు అని విప్పి చెప్పేసరికి
టీ చల్లారి మీగడ కట్టింది.

బలహీనత: తనేమన్నదో
తెల్లారితే తనకి గుర్తుండదు.
విన్నవాళ్ళకి ఉంటుంది.

తెర మీద మూడు చుక్కలు
చాలాసేపు ఎగిరి ఎగిరి ఆగాయి.
"డిపోలో ఉన్నప్పుడు నాక్కూడా ఇది ఉండాల్సింది"
అని వచ్చింది జవాబు.
కిందే, "సరే, మంజూరు."

ఆ రాత్రే సభ.
కాలమ్ ఊళపెట్టాడు, ఎవరో కాగడాలు వెలిగించారు,
నా వంతు వచ్చింది.
హంబర్ మీంచి ఓ ఓడ లావుపాటి గొంతుతో కూసింది,
కిటికీ అద్దం దడదడలాడింది.
డప్పుకి అదే చాలనుకుంటాను.
వేళ్ళు వాటంతటవే కదిలాయి,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు,
ఎన్ని లైన్లో.

పొద్దున డోరీన్ అడిగింది:
ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ
కోటలో ఎవరం నిద్రపోలేదు.
ఏమన్నావు రాత్రి?

నియమం నియమమే.
గుర్తులేదు అని రాశాను.

శుక్రవారం డ్యూటీకెళ్ళాను.
తలుపు దగ్గర గ్రాహమ్
పక్కకి జరిగి దారిచ్చాడు.
ఎందుకో తెలీదు.
వెనకాల ట్రాలీ వస్తోందేమో.