ఖాళీ

జురాందీర్ కుడిచేతికి నాలుగే వేళ్లు.
చిటికెనవేలు ఎవరికిచ్చావంటే
గాజుపెట్టెలో జరరాకా పామును చూపిస్తాడు,
చుట్టాన్ని చూపినట్టు.

ఆవులు పితికే ఊరినుంచి వచ్చాడు సావో పావులోకి.
ఇక్కడా అదే పని, పొదుగే మారింది:
దవడ నొక్కితే
గాజు అంచున పసుపుపచ్చగా రెండు చుక్కలు.

ఆసుపత్రిలో అతని చెల్లెలు జసీరా.
కాలిపుండు ముందు ఆరో మందూ ఓడిపోయింది.

ఆ పుండు క్రిములు పాచిలా పరుచుకున్న పళ్లెంలో
విషంలోంచి విడదీసిన ప్రోటీన్
ఒక్క బొట్టు వేశాను నిన్న.
తెల్లారి చూస్తే బొట్టు చుట్టూ ఖాళీ.
గోరంత, గుండ్రంగా.

"మందేనా?" అన్నాడు.
కాదింకా. ఎలుకలున్నాయి, లెక్కలున్నాయి,
ఏళ్లు పడుతుంది అన్నాను.

అతను వినడంలేదు.
పళ్లెం మూతమీద
తన లేని వేలిని ఆనించి కొలుస్తున్నాడు.

సరిపోయిందట.