మొదటి మెట్టు

ఉత్తరం మర్యాదగానే ఉంది.
ప్రియమైన ఉర్వె గారూ, ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు ధన్యవాదాలు,
అరవై రోజుల్లో మీ రాతలు దించుకోండి,
ఆ తర్వాత ఉండవు.
ఇల్లు ఖాళీ చేయమనేవాడు కూడా
కనీసం గుమ్మం దాకా వచ్చి దగ్గుతాడు.

దాని పేరు పెస.
మా ఎస్తోనియా మాటలో గూడు.
పద్నాలుగేళ్లు అందులో పుల్లా పుడకా పేర్చాను.
పియానోలు శ్రుతి చేయడం నా పని.
సారెమా దీవిలో, వంతెన అవతల ముహులో
నూట డెబ్బై మూడు పియానోలు,
ఒక్కోదానికి ఒక చీటీ.

ఒరిస్సారె బడి: వానాకాలం నడిమి ఫా అంటుకుపోతుంది.
పాస్టరు గారిల్లు: కుక్క పేరు ముస్తి. కరవదు.
పెడల్ కింద పడుకుంటుంది, కాలు చూసి పెట్టు.
హెల్గి: భర్త పోయాక ఎవరూ వాయించరు.
అయినా ఏటా పిలుస్తుంది.
డబ్బు ఎక్కువిస్తే తీసుకోకు.
కాఫీ ఇస్తే వద్దనకు.

శ్రుతి నా చెవిలోనే ఉంది.
స్మృతిని మాత్రం పరాయి పంచన పెట్టాను,
నెలకి మూడు యూరోల అద్దెకి.
ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉందో
ఒక్కనాడూ అడగలేదు.

దించుకున్నాను. మూట విప్పితే
నూట డెబ్బై మూడు ఫైళ్లు,
అన్నిటి మీదా ఒకటే తేదీ, నిన్నటిది.
పద్నాలుగేళ్లూ
నిన్న మధ్యాహ్నం మూడింటికి జరిగిపోయాయట.
ఫొటోలు వేరే సంచిలో
పేర్లు ఊడి, అంకెలు తొడుక్కుని ఉన్నాయి.
మా అచ్చుల నెత్తిన ఉండే రెండేసి చుక్కలు
ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి.
హెల్గి వాళ్ల ఊరి పేరులోనే రెండు ప్రశ్నలు.

అక్క కొడుకు తార్మొకి ఇవన్నీ తెలుసు.
మామూలు అక్షరాలుగా దాచు పిన్నీ అన్నాడు,
ఒకటి ఇంట్లో, ఒకటి జేబులో, ఒకటి సముద్రం అవతల.
చెప్పినట్టే చేశాను.
పూచీ ఎవరిదిరా అంటే
నవ్వి, ఛార్జరు వెతుక్కున్నాడు.

కాగితం మీదా నాకు భ్రమల్లేవు.
పని నేర్పిన ఎండెల్ మాస్టారు
నలభై ఏళ్ల నోటుపుస్తకాలు నేలమాళిగలో పెట్టారు.
ఒక మార్చిలో మంచు కరిగి లోపలికొచ్చింది.
పొయ్యి పక్కన ఒక్కో పుటా విడదీస్తూ
రాసింది నేను, చదివింది నీళ్లు అన్నారు.
కోపంగా లేరు. ఆకలిగా ఉన్నారు.
సూపు అడిగారు.

నవంబరులో హెల్గి ఇంటికెళ్లాను.
మెట్లన్నీ తీసి బల్ల మీద పరిచాను,
ఎనభై అయిదు, పాత రకం.
మొదటి మెట్టు పక్కచెక్క మీద పెన్సిలు రాతలు.
ఎప్పుడూ చూసేవే. ఈసారి చదివాను.
1936 జూన్, కె. ఆర్.
1951, చలి.
1974, ఎండెల్.
1988, ఎండెల్, చిమ్మటలు.
ఎవరూ అద్దె కట్టలేదు.
ఎవరికీ నోటీసు రాలేదు.
పియానో ఎంతకాలమో అవీ అంతకాలం.

కానీ ఉన్నది బొటనవేలంత చోటు.
అందులో ముస్తి పట్టదు.
ఆవిడ ఒంటరితనం పట్టదు.
పట్టినా రాయకూడదు,
నా తర్వాత వచ్చేవాడు చదువుతాడు.
తేదీ వేశాను. పేరు రాశాను.
పెన్సిలు మొన చెక్కకి ఆనే ఉంది.

వంటింట్లోంచి హెల్గి గొంతు:
"నువ్వు చక్కెర వేసుకోవు కదూ? గుర్తుందిలే నాకు."

రెండు చెంచాలు వేసుకునే మనిషిని.
ఆవిడ ఎవరిని గుర్తుపెట్టుకుందో,
ఏ ఏడాదిలోంచి తీసిందో.

అవునన్నాను.
చేదుగానే, అడుగుదాకా తాగాను.