శివారు కనెక్షన్

రాత్రి ఎనిమిదయ్యేసరికి
మా ఇంటికి ఇంటర్నెట్
దాళ్వా చివర్లో బోదె నీరులా వస్తుంది.
ఎగువవాళ్ళు తడుపుకున్నాక,
వాళ్ళ సినిమాలూ సీరియళ్ళూ నిండాక
మిగిలిందేదో అడుగున పాకుతూ.

సరిగ్గా ఆ వేళకే నా ట్యూషన్.
మస్కట్‌లో ఉండే లిఖిత
వర్గ సమీకరణం సగంలో బొమ్మై నిలిచిపోతుంది,
ఎక్స్ విలువ నోట్లోనే ఉండిపోయి.

"మార్చెయ్యవే బాబూ" అంటారు మా ఆయన,
రైస్‌మిల్లు పద్దుల్లోంచి తలెత్తకుండా.

మలికిపురం సెంటర్లో కొత్త కంపెనీ గొడుగు వేసింది.
టై కట్టుకున్న కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ
కరపత్రం చేతిలో పెట్టాడు:
నెలకి మూడొందల తొంభై తొమ్మిది.
నల్లబాబుకి నేనిస్తున్నది ఆరొందలు.
నెలకి రెండొందల ఒకటి మిగులు!
కొబ్బరికాయ ధర పడిపోయిన ఏడు
అది తక్కువేం కాదు.

లెక్కల పంతులమ్మని కదా,
కరపత్రం వెనక్కి తిప్పాను.
చీమల బారులాంటి అక్షరాలు.
పన్ను కలిపితే నాలుగొందల డెబ్బై ఒకటి.
ఆరు నెలలు దాటాక ధర పెరిగి
పన్నుతో ఐదొందల ఎనభై తొమ్మిది.
బిగించినందుకు ఓ ఐదొందలు, తిరిగిరానివి.
మొదటి ఆరు నెలల మిగులు ఏడొందల డెబ్బై నాలుగు,
తర్వాతి ఆరింటికీ కలిపి అరవై ఆరు.
కూడి, బిగింపు తీసేసి,
రెండుసార్లు సరిచూసుకున్నాను.
ఏడాదికి మూడొందల నలభై.
నల్లబాబు మోపెడ్‌కి
మూడు లీటర్ల పెట్రోలు.

అలాగని నల్లబాబు ధర్మాత్ముడేం కాదు.
"వచ్చేస్తన్నానండి, లాకుల దగ్గరున్నాను, ఆయ్" అంటాడు.
లాకుల నుంచి మా ఇంటికి పది నిమిషాలు.
అతనికి ఒక్కోసారి రెండు రోజులు.
రసీదు ఉండదు, అట్టకార్డు మీద బాల్‌పెన్ను టిక్కు.
జూలైలో పొరపాటున రెండు పెట్టేశాడు.
నేను గుర్తుచేయలేదు.
ఆ ఆరొందలు
నా లెక్కలో ఎక్కడా వేసుకోలేదు కూడా.

మొన్న వానలో కొబ్బరిమట్ట పడి వైరు తెగినప్పుడు
టార్చి నోట కరుచుకుని నిచ్చెనెక్కాడు.
కింద నేను గొడుగు పట్టాను,
అతనికి కాదు, డబ్బాకి.

ఆదివారం పొద్దున్న ధైర్యం చేసి ఫోను చేశాను.
"వచ్చే నెల నుంచి ఆపేద్దామనుకుంటున్నాం నల్లబాబూ."
అవతల కాసేపు మోపెడ్ ఇంజను మాత్రమే వినపడింది.
"మీ ఇష్టమండి.
వైరు మాత్రం సన్‌షేడ్ కొక్కేనికి అలాగే ఉండనివ్వండేం.
సూర్యావతిగారికీ, వెనక మేకావారికీ,
రొయ్యల చెరువు గట్టుమీద కాపలా కుర్రోడికీ
అక్కణ్ణించే ఎళ్తాది."

చెప్పులేసుకోకుండానే బయటికొచ్చి చూశాను.
ఇన్నేళ్ళూ మాదే శివారనుకున్నాను.
నల్లటి తీగ మా గోడ తాకి,
ఒక మెలిక తిరిగి,
జామచెట్టు మీదుగా వెళ్ళిపోతోంది
నేనెప్పుడూ తలెత్తి చూడని వైపుకి.
చేను నుంచి చేనుకి నీళ్ళు పారే నేల ఇది.
ఎగువ చేనువాడు గండి కట్టేశాడని
మా మామగారు పార పుచ్చుకుని వెళ్ళిన కథ
వంద సార్లు విన్నాను.
ఎగువ అనేది మనక్కూడా ఉంటుందని
ఆయన ఎప్పుడూ చెప్పలేదు.
లిఖిత బొమ్మై నిలిచిపోయే వేళ
సూర్యావతిగారి తెర మీద
ఎవరి నవ్వు ఆగిపోతోందో.

నా గొడుగు కుర్రాడు మాత్రం వదల్లేదు.
సాయంత్రానికి మూడోసారి ఫోను:
"మేడమ్, కన్ఫర్మ్ చేసేయమంటారా?
ఆఫర్ ఈ రోజుతో ఆఖరు.
ఇంటి దగ్గరున్నారా, మనిషిని పంపనా?"

అట్టకార్డు చేతిలోనే ఉంది,
జూలై గడిలో రెండు టిక్కులూ కనపడుతూనే ఉన్నాయి.

"లేదు బాబూ, బయట ఉన్నాను.
వచ్చేస్తున్నాను, లాకుల దగ్గరున్నాను"
అన్నాను,
మా అరుగు మీద కూర్చుని.