మసేనమ్మ చిగురు

నిప్పు లోపల, చుట్ట మొదలు బయట.
పెదజాలరిపేట గాలికి ఆరిపోకుండా
నోట్లోనే పొయ్యి పెట్టుకున్న మనిషి.
నలభై ఏళ్ళ అడ్డపొగ.

బియ్యపు గింజంత చిగురు కోసి
సీసాలో మా గదికి పంపారు.
మైనంలో నిలబెట్టి, ఉల్లిపొరలా తరిగి,
ఊదాలోనూ గులాబీలోనూ ముంచి
కటకం కిందకి జరిపాను.

అట్టడుగున ఒకే వరస.
నిటారుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ,
తెల్లారకముందు హార్బర్లో
వేలంపాటకి తోసుకునే ఆడాళ్ళలా.
అక్కడే ఒకటి రెండవుతుంది.
ఒకటి ఉండిపోతుంది,
రెండోదాన్ని పైకి నెడతారు.
అది నలుగుతూ, చదునవుతూ,
పది పన్నెండు రోజులకి ఒడ్డు చేరి
చప్పుడు లేకుండా రాలిపోతుంది.

మసేనమ్మకి పైపొర మరీ మందం.
నిప్పు మీద నడవడానికి
చిగురు తనే చెప్పులు కుట్టుకుంది.

ఎవరు పెట్టారో ఈ పేరు!
కొమ్మ చివర లేతాకుకీ
పంటి మొదట మాంసానికీ ఒక్కటే మాట.
హుద్‌హుద్ వెళ్ళిన మూడోవారం
మోడైపోయిన కైలాసగిరి మీద
నేను చూసిందీ దీన్నే.

కేజీహెచ్ డౌన్‌లో, మెట్ల మీద
కాయితం కోసం కూర్చునుంది.
ఆపుకోలేక చెప్పాను, లోపల చూసిందంతా.
"మరి రాలిందేటైపోద్దమ్మా?"
మింగేస్తావు. టీతో, అన్నంతో.
"అయితే ఇన్నాళ్ళూ
నన్ను నానే తినేత్తన్నానన్నమాట!"
నవ్వితే కింద రెండు పళ్ళు,
వేళ్ళు సగం బయటపడి.

పొర మళ్ళీ వస్తుంది గాని
దిగిపోయిన గట్టు రాదని
ఎలా చెప్పాలా అని చూస్తున్నాను.
తనే అంది:
"బీచీకాడ ఓడెట్టి ఇసక పోత్తారు సూడు, ఏటేటా.
పోసినంతా పోత్తారు.
సవుద్రం దాని లెక్క అది సూసుకుంటాది."

ఎడమ మూల ఒక్కచోట
వరస చెదిరి ఉంది.
ఎవరు పైకెళ్ళాలో ఎవరు ఉండాలో
మరిచిపోయినట్టు, గుంపుగా.
పెద్ద డాక్టరుగారు
రేపు మళ్ళీ చూస్తానన్నారు.
అది మాత్రం చెప్పలేదు నేను.

"రేపు రా, మామ్మా."
"రేపా? రేపు ఏట లేదులే, వత్తాను."
రొంటిన దోపిన చుట్ట తీసింది,
నా మొహం చూసింది,
మళ్ళీ దోపుకుంది,
డౌను దిగి
మలుపు తిరిగేదాకా.