మూడున్నర మిల్లీమీటర్లు

వాల్పరైసో రేవు మీద, మెట్లదారి మలుపులో
గొడుగంత దుకాణం నాది.
అద్దాలూ బ్యాటరీలూ ఎవరైనా మారుస్తారు.
నాకు పేరు తెచ్చింది మాత్రం
ఫోను అడుగున ఉండే ఆ గుండ్రటి చిల్లు.

టూత్‌పిక్ కొసకి ఇంత దూది చుట్టి
ఊపిరి బిగబట్టి
ఎందరి జేబుల్ని తవ్వి తీశానో అందులోంచి!
ఉన్ని నూగు, సముద్రపు ఇసుక, రొట్టె పొడి,
విరిగిన పెన్సిలు ముక్కు,
ఒకసారి ఒట్టు, ఎండిపోయిన చీమ.
రేవులో క్రేను నడిపే నిబాల్దో ఫోన్లోంచి
సగం గోధుమ గింజ వచ్చింది.
"మంగళవారం ఓడది" అన్నాడు,
గింజని మళ్లీ జేబులో వేసుకుంటూ.

పోయినేడు వాడే కొత్త ఫోను తెచ్చాడు.
తిప్పి చూశాను. బోర్లించి చూశాను.
చీకట్లో గడియ వెతికినట్టు
అంచు చుట్టూ గోరు నడిపాను.
నున్నగా ఉంది.
"తీసేశారంట. తీగల కాలం పోయిందంట."
వాడి చెవుల్లో రెండు తెల్ల చిక్కుడు గింజలు.
నా మాట వినడానికి ఒకటి ఊడబెరికాడు.

నా సొరుగు నిండా చచ్చిన మూతులే.
పలక మూతి, పళ్ల మూతి, సన్న మూతి, మడత మూతి.
ప్రతి కంపెనీ తన తాళం తనే చేసుకుంది,
పెళ్లిలో చెప్పులు మార్చినట్టు రెండేళ్లకోసారి మార్చింది.
ఇదొక్కటే ఎవరిదీ కాదు.
ఎవరిదీ కాదు గనక
ఏ తీగైనా ఏ పెట్టెలోనైనా దూరేది.

మా అమ్మమ్మ ఎర్మిందా
టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఆరేళ్లు కూర్చుంది.
ఆవిడ చేతిలో పావంగుళం ప్లగ్గు,
అదే ఈ చిల్లు వంశానికి పెద్ద.
ఒక ఇంటి మాటని పట్టుకెళ్లి
ఇంకో ఇంట్లో గుచ్చేది.
సరిగ్గా కూర్చుంటే "టక్" మంటుందట.
చివరి రోజుల్లో మమ్మల్ని మరిచిపోయింది గానీ
స్పూను చూస్తే చాలు,
గాల్లో గుచ్చి, "మాట్లాడండి" అనేది.

మా అయెలెన్‌కి పుట్టిన మూడోనాడే ఆస్పత్రిలో చెవులు కుట్టారు.
బడిలో వద్దన్నారని ఒక ఎండాకాలం పోగులు తీసింది.
అంతే, పూడుకుపోయాయి.
ఒంటికి చిల్లంటే గాయమే.
కంపెనీలకీ అలాగే అనిపిస్తుంది కాబోలు.

ఇదంతా బేరాలు లేని మధ్యాహ్నం ఆలోచన.
ఆగస్టులో ఓ రాత్రి కొండ కదిలింది.

లైట్లు పోయాయి. టవర్లు మూగబోయాయి.
దుప్పట్లు కప్పుకుని జనం మెట్ల మీద,
కింద నల్లగా సముద్రం.
అది లేస్తుందో లేవదో ఎవర్నడగాలి?
నిబాల్దో ఫోను వెలుగుతూనే ఉంది
చెప్పడానికి ఏమీ లేని ముఖంలా.

నేను సొరుగు లాగాను.
పగిలిన పాత ఫోను, ఎర్ర తీగ.
తీగ గుచ్చితేనే అందులో రేడియో పలుకుతుంది,
తీగే దాని యాంటెన్నా.
టక్.
గరగర. గరగర.
ఆ గరగరలోంచి ఒక ఆడగొంతు, జలుబు చేసిన గొంతు:
కెరటం లేదు, తీరం వాళ్లు కొండ దిగొద్దు, ఇంకాసేపు ఆగండి.

ఒక బుడిపె నా చెవిలో, రెండోది నిబాల్దో చెవిలో.
తల తలకి తగిలేంత పొట్టి తీగ.
వాడి జుట్టులో డీజిలు వాసన.
నేను విన్నది పైమెట్టుకి చెప్పాను,
పైమెట్టు ఆ పైదానికి.
మాట కొండెక్కుతుంటే విన్నాను,
ఎక్కేకొద్దీ కాస్త మారిపోతూ.
పై వీధికి చేరేసరికి
జలుబు కూడా వార్తలో కలిసిందట.

వారానికి నిబాల్దో వచ్చాడు.
"ఆ చిల్లుకి కన్వర్టరు ఉందా?"
ఉంది. మూడువేల పెసోలు.
"రేడియో మాత్రం రాదు" అన్నాను.
"తెలుసు" అన్నాడు,
డబ్బు తీస్తూ.
జేబులోంచి కౌంటరు మీదికి
కొంచెం ఇసుక రాలింది.