రెండు సెంట్లకు కాస్త తక్కువ

ఊదండి తాతా, ఊదండి ఊదండి ఊదండి,
ఇంకా ఇంకా ఇంకా...
సువార్త అరుస్తోంది.
ముక్కుకి క్లిప్పు, నోట్లో అట్టగొట్టం.
ముప్పై నాలుగేళ్ళు లాకు తలుపులెత్తినవాణ్ణి
దోసెడు గాలి ఎత్తలేక
అమలాపురంలో ఈ గదిలో చతికిలపడ్డాను.

గోడ మీద బొమ్మ చూపించిందా పిల్ల.
చూడగానే నవ్వొచ్చింది, వెనకాలే దగ్గొచ్చింది.
మా సెక్షను మ్యాపు ఇక్కడెవరు గీశారమ్మా?
పైన హెడ్డు లాకు, కింద పెద్ద కాలువ,
అది రెండుగా చీలి, పిల్లకాలువలై, పంటబోదెలై...
ఇరవై మూడుసార్లు చీలుతుందట.
మాకు నాలుగో చీలిక దగ్గరే కర్రలు లేచేవి.

ముక్కులో వెంట్రుకలు గుర్రపుడెక్కని ఆపే కటకటాలు.
గొంతులో ఒక రేకుందట,
మెతుకొస్తే మూసి, గాలొస్తే తెరిచే
జీతం లేని లస్కరు.
పొలమారితే ఎవరో తలుచుకున్నారని
మా ఆవిడ నెత్తి మీద తట్టేది.
తలుచుకునే వాళ్ళెవరున్నారు గనక?
వాడో క్షణం కునుకు తీసుంటాడు.

కుడి పాయ కాస్త వెడల్పు, ఏటవాలు ఎక్కువ.
మనవడు మింగిన చింతగింజ అటే జారింది,
కాకినాడ తీసుకెళ్ళి తీయించాం.
పల్లమెటో గింజకి తెలుసు.

చివరాఖరికి మళ్ళు.
ఆవగింజ కన్నా చిన్న గాలిమళ్ళు,
ముప్పై కోట్ల పైచిలుకు.
గట్టుకి ఇటు గాలి, అటు నెత్తురు.
ఉల్లిపొర ఆ గట్టు ముందు దుప్పటంత మందం.
అన్నీ విప్పి పరిస్తే ఎంతవుతుందమ్మా?
లెక్క కట్టి చెప్పింది:
రెండు సెంట్లకు కాస్త తక్కువ.

ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను.
వేల ఎకరాలకి వంతులేసి నీరొదిలాను,
పోరంబోకు గట్టు మీద కాపురం చేశాను,
ఏ పట్టా పుస్తకంలోనూ నా పేరెక్కలేదు.
ఈ పక్కటెముకల దడి లోపల చూస్తే
పుట్టిన్నాటి నించీ నాకో స్థలం,
శిస్తు లేదు, సర్వే రాయి లేదు.

అందులో ఏం పండించావని అడక్కండి.
లంక పొగాకు.
పగలు ఆరు చుట్టలు, రాత్రి కాపలాకి ఇంకో రెండు.
స్కాను చూసి సువార్త మెల్లిగా అంది,
గట్లు తెగిపోయాయి తాతా,
మళ్ళన్నీ కలిసి గుంటలైపోయాయి.
నాకు చెప్పాలా?
ఉప్పలగుప్తం దారిలో వరిచేలు రొయ్యల చెరువులైనప్పుడు
గట్టు మీద నిలబడి చూశాను.
చూపు ఆనినంత మేర నీళ్ళే,
నాటు వేసే చోటు లేదు.

బల్ల మీద నా పక్కన కొప్పాడి పోలమ్మ,
ఓడలరేవు మనిషి, అడ్డపొగతో అంగిలి కాల్చుకున్న మనిషి,
ఇందాకట్నించీ వింటోంది.
"ఏం కాలవయ్యా, నీ మొహం కాలవ!
వచ్చిన నీరు వచ్చిన దారినే ఎల్లిపోద్దా కాలవలో?
మురుక్కి ఏరే దారుండద్దా?
ఇది మొగ.
పోటుకి ఎక్కుద్ది, పాటుకి దిగుద్ది.
ఎంత దిగినా అడుగున కొంత ఉండిపోద్ది."

సువార్త కాగితం తిప్పి వేలు పెట్టింది.
టైడల్ అని రాసుంది.
అంటే పోటూ పాటే తాతా, డాక్టర్ల మాటా అదే.
అరలీటరు లోపలికి, అరలీటరు బయటికి.
ఎంత ఊదినా ఊడ్చలేనిది లీటరు పైన,
మీకైతే ఇంకా ఎక్కువ.

జన్మంతా ఒకవైపే పారే నీటిని నమ్మినవాణ్ణి,
ఏమనను?

పోలమ్మ వంతొచ్చింది.
చీర కుచ్చెళ్ళు సర్దుకుని, పడవ తోసేదానిలా
కాళ్ళు ఎడంగా పెట్టి గొట్టం అందుకుంది.
ఊదమ్మా ఊదు ఊదు ఊదు,
సువార్తతో పాటు నేనూ అరిచాను.
కాగితం మీద గీత లేచింది, వంగింది.
అది నేలకి దిగేదాకా
నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని
దగ్గొచ్చాక తెలిసింది.